రెండు డాలర్ల రింగు... దేశాన్నే గింగిరాలు తిప్పింది!

పాత సైకిల్ టైరును పుల్లతో కొట్టుకుంటూ వీధి వెంట పరుగెత్తిన రోజులు మీకు గుర్తున్నాయా? టైరు దొరక్కపోతే రిమ్ము, రిమ్ము కూడా దొరక్కపోతే గుండ్రంగా వంచిన ఇనప చువ్వ. ఆ ఆటకు కంపెనీ లేదు, ప్రకటనలు లేవు, కనిపెట్టిందెవరో ఎవరికీ తెలీదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దాదాపు రెండున్నర వేల ఏళ్ల నాటి గ్రీకు కుండ ఒకటి ఉంది. దాని మీద గనిమీడ్ అనే కుర్రాడు చేత్తో పుల్ల పట్టుకుని రింగు దొర్లిస్తున్న బొమ్మ ఉంటుంది. చూస్తే మన వీధి పిల్లాడే అనిపిస్తాడు.

సరిగ్గా అలాంటి రింగునే 1958లో కాలిఫోర్నియాలోని ఒక చిన్న కంపెనీ ప్లాస్టిక్ గొట్టంతో చేసి, 1 డాలరు 98 సెంట్ల ధర పెట్టి వదిలింది. పేరు హులా హూప్. నడుముకు తగిలించుకుని తిప్పడమే ఆట. మొదటి నాలుగు నెలల్లో సుమారు రెండున్నర కోట్ల రింగులు అమ్ముడయ్యాయని చెబుతారు. అప్పటి అమెరికా జనాభా పదిహేడున్నర కోట్లు. అంటే ఏడుగురికి ఒక రింగు అన్నమాట! బ్యాటరీ లేదు, స్ప్రింగు లేదు, మీట లేదు. లోపల ఉన్నదల్లా గాలి.

మరి ఆ ఏడాది చివరికి ఏమైంది? దుకాణాల్లో రింగులు గుట్టలుగా మిగిలిపోయాయి. అడిగే నాథుడు లేడు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున లేస్తే గ్రాఫులు చూడటమే పని. ఏదైనా యాప్ గురించి ఎవరో సెలెబ్రిటీ ఒక్క మాట అంటే చాలు, ట్రాఫిక్ గీత నిట్టనిలువుగా లేస్తుంది. మేం కంగారుగా సర్వర్లు పెంచుతాం. పెంచడం పూర్తయ్యేసరికి గీత కిందికి దిగిపోతుంది. హులా హూప్ కథ చదువుతుంటే నాకు అదే గీత కనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో ఒకరి డబ్బులు ఇలాంటి బొమ్మలోనే ఇరుక్కున్నాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ రింగు ఎక్కడి నుంచి ఊడిపడిందో చూద్దాం.

గోడౌన్‌లో పేరుకుపోయిన ప్లాస్టిక్

ఈ కథలో మొదటి పాత్రలు ఇద్దరు కెమిస్టులు. పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్. ఓక్లహోమా రాష్ట్రంలోని బార్టిల్స్‌విల్ అనే ఊళ్లో ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీలో పనిచేసేవారు. రిఫైనరీలో అదనంగా వచ్చే గ్యాసులను పెట్రోలుగా మార్చే దారి వెతకడం వాళ్ల పని. 1951 జూన్‌లో ఒకరోజు వాళ్ల పరికరం గొట్టంలో ఏదో తెల్లటి పదార్థం గడ్డకట్టి అడ్డుపడింది. పెట్రోలు రాలేదు గానీ గట్టి ప్లాస్టిక్ వచ్చింది. ఆ దారినే వెళ్లి వాళ్లు అధిక సాంద్రత ఉన్న పాలిథిన్ తయారీకి కూడా పద్ధతి కనుక్కున్నారు. మనం వాడుకలో హెచ్‌డీపీఈ అంటామే, అదే. కంపెనీ దానికి మార్లెక్స్ అని పేరు పెట్టి 1954లో మార్కెట్లోకి దింపింది.

కనిపెట్టడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. మొదట్లో ఏ బ్యాచ్‌కు ఆ బ్యాచ్ తేడాగా వచ్చేది. ఇలాంటి సరుకుతో పైపులు, సీసాలు చేస్తే పగుళ్లు వస్తాయని కొనేవాళ్లు వెనకాడారు. మార్లెక్స్ గింజలు గోడౌన్లలో పేరుకుపోయాయి. వేల డాలర్లు కాదు, లక్షల డాలర్లు పోసి కట్టిన ఫ్యాక్టరీ. సరుకేమో కదలదు.

సరిగ్గా అప్పుడే బొమ్మల కంపెనీ వాళ్లు గొట్టాల కోసం వచ్చారు. బొమ్మకు అంత నాణ్యత అక్కర్లేదు. తేలిగ్గా ఉండాలి, వంగాలి, కింద పడితే విరక్కూడదు. రంగులు పట్టాలి. చవగ్గా దొరకాలి. ఇన్నీ ఉన్న సరుకు గోడౌన్ నిండా ఉంది! రింగుల గిరాకీతో ఆ నిల్వ అంతా ఖాళీ అయింది. ఈలోగా ఫిలిప్స్ ఇంజినీర్లకు ప్లాస్టిక్ నాణ్యత సరిదిద్దుకునే వ్యవధి దొరికింది.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించాలి. బొమ్మ హిట్ కావడానికి ఆలోచన ఒక్కటే సరిపోదు. ఆ ధరకు, ఆ వేగంతో చేసిపెట్టే సరుకు కూడా అదే సమయానికి సిద్ధంగా ఉండాలి. పదేళ్ల ముందు ఇదే రింగును చేయాలంటే చెక్కతోనో వెదురుతోనో చేయాలి. ఒక్కోటీ చేత్తో వంచుతూ కూర్చుంటే నాలుగు నెలల్లో కోట్లు ఎక్కడ అవుతాయి?

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వెదురు చుట్ట

ఇక రింగు సంగతి. ఆస్ట్రేలియాలో పిల్లలు వ్యాయామం క్లాసుల్లో వెదురు రింగులు నడుముకు తిప్పేవాళ్లు. గిరాకీ బాగుండటంతో టోల్‌టాయ్స్ అనే కంపెనీ 1957లో వాటిని ప్లాస్టిక్‌తో చేయడం మొదలుపెట్టింది.

జోన్ ఆండర్సన్ అనే మహిళ ఆస్ట్రేలియాలో పుట్టి, పెళ్లయ్యాక అమెరికాలో స్థిరపడింది. 1950లలో పుట్టింటికి వెళ్లినప్పుడు అక్కడ అందరూ రింగులు తిప్పుతుంటే చూసి ముచ్చటపడింది. తిరిగొచ్చాక అమ్మ చేత ఒక వెదురు రింగు పోస్టులో తెప్పించుకుంది. ఇంటికి వచ్చిన స్నేహితుల ముందు తిప్పి చూపిస్తే, హవాయి వాళ్ల హులా డాన్సులా ఉందే అని ఎవరో అన్నారట. దానికి హులా పేరు అలా వచ్చిందని ఆమె చెప్పింది. భర్తకు పరిచయం ఉన్న బొమ్మల కంపెనీ యజమాని ఆర్థర్ మెలిన్‌కు దాన్ని చూపించింది. కారు నిలిపే స్థలంలో జరిగిన ఆ మాటామంతీకి సాక్షులు లేరు, కాగితం లేదు. లాభం వస్తే అందరికీ వస్తుందన్న మాట మీద చేతులు కలుపుకున్నారని ఆమె కథనం.

ఆ కంపెనీ పేరు వామ్-ఓ. మెలిన్, అతని మిత్రుడు రిచర్డ్ నెర్ కలిసి 1948లో గ్యారేజీలో మొదలుపెట్టారు. మొదట అమ్మిన వస్తువు ఏమిటో తెలుసా? ఉండేలు! దాని దెబ్బ తగిలినప్పుడు వచ్చే చప్పుడే కంపెనీ పేరైంది.

రింగులు కోట్లలో అమ్ముడయ్యాయి. జోన్ ఆండర్సన్‌కు కబురు రాలేదు. చివరకు కోర్టుకెక్కితే కొన్ని వేల డాలర్లతో రాజీ కుదిరింది. లాయర్ల ఖర్చులు పోగా మిగిలింది ఏముంటుంది? ఆమె కథ 2018లో హులా గర్ల్ అనే చిన్న డాక్యుమెంటరీగా వచ్చేదాకా చాలామంది అమెరికన్లకు ఆమె పేరే తెలీదు. మీటింగులో మనం చెప్పిన ఐడియా వారం తర్వాత ఇంకెవరి స్లైడ్‌లోనో కనిపించడం నా తోటి ఉద్యోగులకు కొత్తేమీ కాదు. ఆ బాధ 1958లోనూ ఉందన్నమాట.

అలాగని వామ్-ఓ వాళ్లకు మాత్రం హక్కులన్నీ దక్కాయా అంటే, అదీ లేదు. రింగు వేల ఏళ్ల నాటిది. గుండ్రంగా ఉన్న గొట్టానికి పేటెంటు ఎవరిస్తారు? హులా హూప్ అన్న పేరును మాత్రం రిజిస్టర్ చేసుకున్నారు. మెలిన్ పేరున బొమ్మ రింగు పేటెంటు వచ్చేసరికి 1963 మార్చి అయింది. అప్పటికి పిచ్చి తగ్గి నాలుగేళ్లు దాటింది. ఈలోపు గొట్టం వంచే మిషను ఉన్న ప్రతివాడూ వేరే వేరే పేర్లతో రింగులు చేసి అమ్మేశాడు.

ఎందుకంత పిచ్చి పట్టింది?

వామ్-ఓ వాళ్లు చేసిన ప్రచారం వింటే నవ్వొస్తుంది. పెద్ద పెద్ద ప్రకటనలు ఇవ్వడానికి డబ్బుల్లేవు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల పార్కులకు, ఆట స్థలాలకు రింగులు పట్టుకెళ్లి తిప్పి చూపించేవారు. తిప్పగలిగిన పిల్లలకు ఉచితంగా ఇచ్చేసేవారు. కంపెనీ మనుషులు విమానం ఎక్కినా చేతిలో రింగు ఉండాల్సిందే. చూసిన ప్రతివాడూ అదేంటని అడుగుతాడు కదా!

ఇందులో కిటుకు ఉంది. కొన్ని బొమ్మలు ఇంట్లో ఆడుకుంటాం, పక్కింటి వాళ్లకు కూడా తెలీదు. హులా హూప్ అలా కాదు. వీధి చివర నుంచి కూడా కనిపిస్తుంది. ఆడే ప్రతి పిల్లా ఒక నడిచే ప్రకటన. రెండోది, చూడగానే అర్థమవుతుంది, నేర్చుకోవడానికి పావుగంట చాలు. అయితే మొదటిసారి మాత్రం కింద పడిపోతుంది. అక్కడే పట్టుదల పుడుతుంది. మూడోది, ఎంతసేపు తిప్పావన్న పోటీ. లెక్క పెట్టుకోవచ్చు, గొప్పలు చెప్పుకోవచ్చు. నాలుగోది ధర. రెండు డాలర్ల లోపు అంటే నాన్నను పెద్దగా బతిమాలక్కర్లేదు.

ఇక కాలం కూడా కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పిల్లల సంఖ్య బాగా పెరిగింది. 1954 నుంచి ఏటా 40 లక్షలకు పైగా పుట్టారు. 1958 నాటికి ప్రతి పది ఇళ్లలో ఎనిమిదికి పైగా ఇళ్లలో టీవీ ఉంది. ఒక రాత్రి టీవీలో రింగు తిప్పితే మర్నాడు దేశమంతా చూసినట్టే. ఆ ఏడాదే రింగు మీద పాటలు కూడా వచ్చాయి.

మరి ఆ రింగు నడుము మీద నిలబడేది ఎలా? చూడటానికి నడుము తిప్పుతున్నట్టు ఉంటుంది గానీ, నిజానికి సరైన క్షణంలో చిన్న చిన్న తోపులు ఇస్తుంటాం. ఊయలను సమయం చూసి నెడతామే, అలాగ. న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024 చివర్లో దీని మీద ఒక పరిశోధన పత్రమే ప్రచురించారు. స్తంభం, శంకువు, డమరుకం ఆకారాల్లో చిన్న రోబోలు చేసి వాటికి రింగులు తగిలించి తిప్పారు. స్తంభం మీద రింగు జారిపోయింది. కింద తుంటిలా వాలుగా ఉండి, మధ్యలో నడుములా సన్నబడిన ఆకారం మీదే స్థిరంగా నిలిచింది. కొందరికి హూప్ తేలిగ్గా వస్తుంది, కొందరికి ఎంత తిప్పినా నిలవదు. దానికి శరీరాకృతి కూడా కారణం కావచ్చని వాళ్లు తేల్చారు. ఇకమీదట రింగు జారితే నేరం మీది కాదు, జ్యామితిది!

బండరాయికీ గిరాకీ!

ఇంత చిన్న వస్తువుకు దేశమంతా ఊగిపోవడం ఒక్కసారే జరిగిందా? కాదు. 1975లో గ్యారీ డాల్ అనే ప్రకటనల రచయిత ఇంకో అడుగు ముందుకేశాడు. మెక్సికో సముద్రతీరం నుంచి నున్నటి గులకరాళ్లు తెప్పించి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో గడ్డి పరిచి, పెట్ రాక్ పేరిట 3 డాలర్ల 95 సెంట్లకు అమ్మాడు. అంటే పెంపుడు రాయి! దానికి తిండి అక్కర్లేదు, స్నానం అక్కర్లేదు, అరవదు, కరవదు. పెట్టెలో 32 పేజీల శిక్షణ పుస్తకం కూడా ఉండేది. కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది, కదలొద్దంటే ఎంత బుద్ధిగా మాట వింటుంది వగైరా. జనం కొన్నది ఆ పుస్తకంలోని హాస్యాన్నే. రాయి దానికి కొసరు. ఆ క్రిస్మస్‌కు పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. పండగ వెళ్లాక రాళ్లు రాళ్లుగానే మిగిలాయి. ఒకసారి విన్న జోకుకు రెండోసారి ఎవరు డబ్బులిస్తారు?

మా తరానికి వస్తే 2017 నాటి ఫిడ్జెట్ స్పిన్నర్. వేళ్ల మధ్య గిర్రున తిరిగే మూడు రెక్కల చక్రం. నేను అప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాను. క్లాసులో చివరి బెంచీ నుంచి ముందు బెంచీ దాకా అందరి చేతుల్లో అదే. అందులో ఉన్న బేరింగు కూడా కొత్తది కాదు. స్కేటింగ్ చక్రాల్లో ఎప్పటినుంచో వాడే 608 రకం బాల్ బేరింగు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22. ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఎవరైనా చేసేశారు. ఆ మే నెలలో అమెజాన్ బొమ్మల అమ్మకాల జాబితాలో పైవరుస అంతా స్పిన్నర్లే. అమెరికాలో ఎన్నో బడులు వాటిని నిషేధించాయి. నిషేధించాక పిల్లలకు మోజు ఇంకా పెరిగిందని వేరే చెప్పాలా?

ఆఖరి వారమే బంపర్ వారం

సరే, ఎక్కిన గీత ఎందుకంత హఠాత్తుగా పడుతుంది? జనానికి బోరు కొడుతుందని అందరూ అంటారు. అది సగమే నిజం. మిగతా సగం ఒట్టి లెక్క. కాగితం, పెన్ను తీసుకోండి.

ఒక చిన్న ఊళ్లో 1023 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. మొదటి వారం ఒక్క పిల్లాడు బొమ్మ కొన్నాడు. వాణ్ని చూసి రెండో వారం ఇద్దరు. మూడో వారం నలుగురు. ఇలా వారం వారం రెట్టింపు. 8, 16, 32, 64, 128, 256. పదో వారం 512. అన్నీ కూడితే సరిగ్గా 1023. మరి పదకొండో వారం ఎంతమంది కొంటారు? సున్నా. ఊళ్లో బొమ్మ లేని పిల్లాడే లేడు!

ఇప్పుడు దుకాణదారు వైపు నుంచి చూడండి. ఎనిమిదో వారం 128, తొమ్మిదో వారం 256, పదో వారం 512. ఆ శనివారం రాత్రి గల్లాపెట్టె మూసేటప్పుడు ఆయన మనసులో ఏముంటుంది? వచ్చే వారానికి 1024 ఆర్డర్ పెట్టాలని ఉంటుంది. ఆయన లెక్క తప్పు అని ఎలా అంటాం? పది వారాలుగా అదే లెక్క నిజమైంది. వ్యాపారం అన్నిటికన్నా బాగున్న వారమే ఆఖరి వారం కావడం ఈ గీత స్వభావం. నిజ జీవితంలో ఇంత శుభ్రంగా సున్నా కాదు, కొంచెం తోక ఉంటుంది. కానీ తీరు మాత్రం ఇదే.

పైగా దుకాణదారు వెనక హోల్‌సేల్ వ్యాపారి, ఆయన వెనక ఫ్యాక్టరీ. అక్కడ 1024 అడిగారు కదా, సరుకు తక్కువ పడుతుందేమోనని హోల్‌సేలర్ ఇంకో పాతిక శాతం కలుపుతాడు. ఫ్యాక్టరీ వాడు ఇంకొంచెం కలుపుతాడు. కొరడా పిడిని కొంచెం కదిపితే కొస ఎంత దూరం ఊగుతుందో చూశారుగా. దీన్ని మేనేజ్‌మెంట్ పాఠాల్లో బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. వామ్-ఓకు జరిగిందీ అదే. పిచ్చి తగ్గే నాటికి చేతిలో మిగిలిన సరుకు, పెట్టిన ఆర్డర్లు అన్నీ మీద పడ్డాయి. కోట్లలో అమ్మినా ఆ రింగుల మీద వాళ్లకు చివరకు మిగిలిన లాభం చాలా స్వల్పం.

కొన్నిచోట్ల గీత ఇంకా తొందరగా పడింది. జపాన్‌లో 1958 అక్టోబరులో హులా హూప్ అడుగుపెట్టి ఊళ్లకు ఊళ్లను ఊపేసింది. ఇంతలో రింగు తిప్పితే కడుపులో పేగులకు దెబ్బ అన్న ప్రచారం లేచింది. బడులు వద్దన్నాయి. ఆ ఏడాది ముగిసేలోపే అక్కడా కథ కంచికి. ఎగబాకడానికి పనికొచ్చిన నోటి మాటే దించడానికీ పనికొచ్చింది.

మామయ్య నోట్‌బుక్

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా మామయ్యకు తెనాలిలో ఒక హైస్కూలు దగ్గర ఫ్యాన్సీ షాపు ఉంది. పెన్నులు, నోట్‌బుక్కులు, రిబ్బన్లు, బొమ్మలు. 2017లో స్పిన్నర్లు మొదట రెండు డజన్లు తెచ్చాడు. రెండు రోజుల్లో అయిపోయాయి. తర్వాత ఐదు డజన్లు. తర్వాత పది. వేసవి సెలవులు అయ్యి బడులు తెరిచే ముందు విజయవాడ వన్‌టౌన్ వెళ్లి నాలుగు కార్టన్లు దింపించాడు. డబ్బులు చేబదులు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. నూట యాభై రూపాయలకు అమ్మిన బొమ్మ ఎనభైకి, యాభైకి, చివరికి ముప్పైకి దిగింది. రెండు కార్టన్లు అసలు విప్పనే లేదు. ఆ వడ్డీ కట్టడానికి మామయ్యకు దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఆ డబ్బు పెద్ద కంపెనీకి లెక్కలోకి రాదు. మా అత్తయ్య ఆ ఏడాది గాజులు బ్యాంకులో పెట్టింది.

అందుకే పోయినేడాది మామయ్య ఫోన్ చేసినప్పుడు నేను కొంచెం జాగ్రత్తగా విన్నాను. “ఒరేయ్, పళ్లికిలించే బొమ్మ ఒకటి వచ్చిందటగా. బ్యాగులకు తగిలించుకుంటున్నారు. డూప్లికేట్లు చవగ్గా వస్తున్నాయంటున్నారు. తెప్పించమంటావా?” అని అడిగాడు. లబూబూ సంగతి. హాంకాంగ్ నేపథ్యం ఉన్న కళాకారుడు కాసింగ్ లుంగ్ 2015లో గీసిన పాత్ర అది. చైనా కంపెనీ పాప్ మార్ట్ దాన్ని మూసిన పెట్టెల్లో పెట్టి అమ్మింది. ఏ బొమ్మ వస్తుందో విప్పేదాకా తెలీదు. 2024లో బ్లాక్‌పింక్ గాయని లిసా బ్యాగుకు కనిపించాక ఆసియా అంతా ఊగిపోయింది.

నేను మామయ్యకు 1023 మంది పిల్లల లెక్క చెప్పాను. అమ్మకం రెట్టింపయిన వారమే ఆర్డర్ తగ్గించు అన్నాను. అప్పు చేసి మాత్రం తేవద్దన్నాను. మిగిలితే వాపసు తీసుకునే వాడి దగ్గరే తీసుకోమన్నాను. మామయ్య అంతా విని, “నువ్వు చెప్పే లెక్క బాగుంది నాన్నా. కానీ నా దగ్గర లేదంటే పిల్లాడు ఎదురు షాపుకు వెళ్తాడు. వెళ్లినవాడు పెన్నూ అక్కడే కొంటాడు, నోట్సూ అక్కడే కొంటాడు. మళ్లీ నా గుమ్మం ఎక్కడు. దానికి నీ లెక్కలో గడి ఉందా?” అన్నాడు.

లేదు. నా లెక్కలో ఆ గడి లేదు. ఫ్యాషన్ బొమ్మ చిన్న దుకాణానికి లాభం తెచ్చే సరుకు మాత్రమే కాదు, పిల్లల్ని గుమ్మం దాకా రప్పించే ఎర కూడా. అలాంటప్పుడు అది ఎంత కావాలన్న ప్రశ్నకు జవాబు మారిపోతుంది. షాపు ముందు వేలాడదీయడానికి, అడిగిన మొదటి పాతిక ముప్పై మందికి లేదనకుండా ఇవ్వడానికి సరిపడా చాలు. అంతవరకు ఇద్దరం ఒప్పుకున్నాం. మామయ్య నగదు పెట్టి మూడు డజన్లు తెచ్చాడు. రెండున్నర డజన్లు పోయాయి. మళ్లీ తేలేదు. కొత్త నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని వారం వారం ఎన్ని పోయాయో రాస్తున్నాడిప్పుడు. లబూబూలే కాదు, జామెట్రీ బాక్సులు కూడా.

గాలి తగ్గాక మిగిలేది

ఇలాంటి బొమ్మలన్నీ చచ్చిపోవాల్సిందేనా? అదేం లేదు. ఇదే వామ్-ఓ దగ్గర ఇంకో బొమ్మ ఉంది. ఫ్రెడ్ మారిసన్ అనే ఆయన తయారుచేసిన ఎగిరే ప్లాస్టిక్ పళ్లెం. 1957లో హక్కులు కొని ఫ్రిస్బీ అని పేరు పెట్టారు. హులా హూప్ అంత ఊపు దానికి రాలేదు. 1964లో ఎడ్ హెడ్రిక్ అనే ఉద్యోగి దాని పైభాగాన సన్నటి గీతలు పెట్టి, గాల్లో ఊగకుండా నిలకడగా పోయేలా మార్చాడు. ఆ తర్వాత ఆటగాళ్ల సంఘం పెట్టారు, పోటీలు పెట్టారు. బొమ్మ కాస్తా క్రీడ అయింది. క్రీడకు అంతం ఉండదు. నేర్చుకునేది ఎప్పుడూ ఇంకొంచెం మిగిలే ఉంటుంది, కొత్త పిల్లలు వస్తూనే ఉంటారు.

హులా హూప్ కూడా మెల్లగా అదే దారి పట్టింది. 1960లలో లోపల గుళ్లు వేసి గలగలమనేలా చేశారు. తర్వాత సర్కస్‌లోకి వెళ్లింది, జిమ్ములోకి వెళ్లింది. ఇప్పుడు మన ఊళ్లలో బడి వార్షికోత్సవాల్లో పిల్లలు మెడకు, మోచేతికి, మోకాలికి తిప్పుతుంటే చప్పట్లు కొడుతున్నాం. పాత ఊపు లేదు గానీ, ఆట మాత్రం ఆగలేదు.

ఇక ఆ గోడౌన్ ప్లాస్టిక్. రింగుల మోజు నడిచిన ఆ కొద్ది నెలల్లో ఫిలిప్స్ తన మార్లెక్స్‌ను సరిదిద్దుకుంది. పాల సీసాలకు, డ్రమ్ములకు, పైపులకు పనికొచ్చేలా చేసింది. ఆ జాతి ప్లాస్టిక్ తర్వాత ప్రపంచమంతా పాకింది. ఈసారి ఊరెళ్లినప్పుడు పొలం గట్టు మీద నల్లటి నీళ్ల పైపు చుట్ట కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. చాలామటుకు అది హెచ్‌డీపీఈ పైపే అయ్యుంటుంది. రింగులా చుట్టి ఉంటుంది.